ఇరవై ఆరేళ్ల తర్వాత సైకిలెక్కితే మోకాలు పట్టేసింది, మానేయమంటారా?

ప్రశ్న: నాకు 47 ఏళ్లు. శ్రీకాకుళంలో టీచర్‌ని. డిగ్రీ చదివేటప్పుడు ఆమదాలవలస నుంచి రోజూ సైకిలు మీదే కాలేజీకి వచ్చేవాణ్ని. ఉద్యోగం రాగానే బండి కొన్నాను, సైకిలు వదిలేసి 26 ఏళ్లయింది. ఇప్పుడు 84 కిలోలున్నాను, షుగరు బోర్డర్‌లో ఉందన్నారు. పోయిన ఆదివారం మా అబ్బాయి గేర్ల సైకిలు తీసుకుని అరసవల్లి వెళ్లొచ్చాను. తిరిగొచ్చేసరికి కుడి మోకాలు పట్టేసింది, రెండు రోజులు సరిగ్గా కూర్చోలేకపోయాను. గేర్లు నాకు తెలీవు, ముట్టుకోలేదు, 3, 7 అని ఉన్నాయి. మా ఆవిడ "ఈ వయసులో ఎందుకండీ" అంటోంది. మానేయాలా? కొత్త సైకిలు కొంటే ఏమైనా తేడా ఉంటుందా?

జవాబు:

మానేయకండి మాష్టారూ. కొత్త సైకిలు కూడా ఇప్పుడే కొనకండి. మీరు రాసిన నాలుగు ముక్కల్లోనే సంగతి తెలిసిపోతోంది. గేర్ల మీద 3, 7 ఉన్నాయన్నారు. సైకిలు మీ అబ్బాయిదన్నారు. వెళ్లింది ఆదివారం అన్నారు. ఈ మూడూ కలిస్తే ఇన్నేళ్లుగా తొక్కుతున్న నా మోకాలైనా పట్టేస్తుంది.

ముందు నా సంగతి చెప్తాను, ఎందుకంటే మీకంటే పెద్ద తెలివితక్కువ పనులు నేను చేశాను. నాకిప్పుడు 58. మా నాన్నకి సైకిలు షాపు ఉండేది. గంటకి ఇంతని అద్దెకిచ్చేవాళ్లం. పదేళ్లకే రిమ్ము బెండు తీయడం నేర్చుకున్నాను. అయినా ఉద్యోగంలో చేరాక పాతికేళ్లు సైకిలు ముట్టుకోలేదు. 2018 అక్టోబరులో తిత్లీ తుఫాను పలాస దగ్గర తీరం దాటినప్పుడు కాశీబుగ్గలో పనిచేస్తున్నాను. కరెంటు లేదు, ఫోన్లు కలవడం లేదు, దగ్గర్లో పెట్రోలు బంకు ఒక్కటీ పనిచేయడం లేదు. ఉద్దానంలో మా మేనత్త ఒక్కతే ఉంటోంది. రోడ్డు పొడుగునా కొబ్బరిచెట్లు, జీడిమామిడి చెట్లు అడ్డంగా పడున్నాయి, బండి వెళ్లే దారి లేదు. ఇంటివాళ్ల పెరట్లో తుప్పుపట్టిన ఇరవైరెండంగుళాల సైకిలు ఉంటే, గాలి కొట్టి, చైనుకి కొబ్బరినూనె రాసి బయల్దేరాను. చెట్టు అడ్డొచ్చిన చోటల్లా సైకిలు భుజానికెత్తుకుని దాటడం, మళ్లీ ఎక్కడం. పద్నాలుగు కిలోమీటర్లకి నాలుగు గంటలు పట్టింది. అత్త క్షేమంగానే ఉంది. నన్ను చూసి, "ఏట్రా, సైకిలు మీదొచ్చీసేవేటి, ఈ వయసులో!" అంది. మీ ఇంట్లో అన్న మాటే. తర్వాత మూడు రోజులు కుర్చీ జోలికి పోలేదు, మంచం మీద బోర్లా పడుకుని అన్నం తిన్నాను.

ఆ ప్రయాణంలో ఒక్క అర కిలోమీటరు మాత్రం మరిచిపోలేదు. చెట్లేమీ పడని ముక్క అది. రోడ్డు కాస్త పల్లంగా ఉంది. పెడలు ఆపేస్తే ఫ్రీవీల్ టిక్కుటిక్కుమంటూ సైకిలు తనంతట తను పోతోంది. అంత బాధలోనూ నవ్వొచ్చింది. మర్నాటి నుంచి మళ్లీ ఎప్పుడు ఎక్కుతానా అనే ఆలోచనే.

మళ్లీ మొదలుపెట్టేవాళ్లు అందరూ పడే గొయ్యి ఒకటుంది. బ్యాలెన్సు మొదటి నిమిషంలోనే తిరిగొచ్చేస్తుంది. ఊపిరి మూడు నాలుగు వారాల్లో దారికొస్తుంది. తొడ కండలకి నెలన్నర, రెండు నెలలు. కండని ఎముకకి కట్టి ఉంచే పట్టీలు మాత్రం అన్నిటికంటే నెమ్మది, వాటికి నెలలు కావాలి, ఎందుకంటే కండకి అందినంత రక్తం వాటికి అందదు. బ్యాలెన్సు రాగానే మనసు ఇరవై ఒకటో ఏటికి వెళ్లిపోతుంది, ఆమదాలవలస కుర్రాడే తొక్కుతున్నాడనుకుంటుంది. మోకాలికి ఆ కుర్రాడెవరో తెలీదు. కాబట్టి మొదటి రెండు నెలలూ ఊపిరి ఏమంటోందని కాదు, మోకాలు ఏమంటోందని అడుగుతూ తొక్కాలి. ఇంకో రెండు కిలోమీటర్లు వెళ్లగలను అనిపించినప్పుడే ఇంటికి తిరగాలి. ఇది వినడానికి తేలిక, చేయడం చాలా కష్టం.

ఇప్పుడు మీ 3, 7 దగ్గరికి వద్దాం. ఎడమ చేతి దగ్గర 3 అంటే ముందు పళ్లచక్రాల్లో అన్నిటికంటే పెద్దది. కుడి చేతి దగ్గర 7 అంటే వెనక అన్నిటికంటే చిన్నది. మన దగ్గర అమ్మే మామూలు గేర్ల సైకిళ్లలో ఈ జత మీద పెడలు ఒక చుట్టు తిప్పితే వెనక చక్రం సుమారు మూడు చుట్లు తిరుగుతుంది. మీ కాలేజీ రోజుల గేర్లు లేని సైకిలుకి సుమారు రెండున్నర చుట్లే. అంటే ఆ రోజుల్లో తొక్కినదానికంటే బరువైన గేరులో, ఇరవై ఆరేళ్ల తర్వాత, 84 కిలోలతో తొక్కారు మీరు. ఇక ఆదివారం సంగతి. అరసవల్లిలో అది సూర్యనారాయణస్వామివారి రోజు. ఆటోలు, కార్లు, నడిచే జనం, కొబ్బరికాయల బళ్లు. పది గజాలకోసారి ఆగుంటారు. ఆగిన ప్రతిసారీ అంత బరువు గేరులో మళ్లీ కదిలించడానికి కాలు ఎంత బలంగా తొక్కాలో ఆలోచించండి. ఆగి మొదటి తొక్కు తొక్కేది చాలామందికి కుడికాలే. పట్టేసింది కుడి మోకాలేగా!

చేయాల్సింది చిన్న పని. ముందు అంకె 2 మీద పెట్టి దాన్ని ఇక నెల రోజులు మరిచిపోండి. వెనక అంకె చదునైన రోడ్డు మీద 3, 4. బ్రిడ్జి ఎక్కుతున్నప్పుడు 1, 2. కాలు ఆగకుండా తిరుగుతున్నప్పుడే, బలం కాస్త తగ్గించి గేరు మార్చాలి. ఎత్తు సగం ఎక్కాక బలంగా తొక్కుతూ మారిస్తే చైను కటకటమని పడిపోతుంది. నాగావళి బ్రిడ్జి మీదకి వెళ్తుంటే ఎత్తు మొదలవకముందే మార్చేయాలి. కూడలి దగ్గర ఆగబోతున్నప్పుడు కూడా అంతే, ఆగకముందే తేలిక గేరుకి వచ్చేయాలి. సరైన గేరులో ఉన్నారో లేదో తెలియాలంటే కుడికాలు పదిహేను సెకన్లలో ఎన్నిసార్లు కిందికి వచ్చిందో లెక్కపెట్టండి. పదిహేడు నుంచి ఇరవై మధ్య ఉంటే బాగున్నట్టు. పన్నెండే వచ్చాయంటే గేరు బరువుగా ఉందని అర్థం. మొదట్లో "ఏంటిది, గాలిలో తొక్కుతున్నట్టుంది, పనేమీ జరగట్లేదు" అనిపిస్తుంది. అలా అనిపించాలనే చెబుతున్నాను.

రెండోది సీటు. పిల్లలు సీటు కిందికి దించి తొక్కుతారు, కూర్చునే రెండు కాళ్లూ నేలకి ఆనాలని. మనమూ అదే కోరుకుంటాం, భయం కొద్దీ. సీటు కిందికున్నకొద్దీ తొక్కే ప్రతిసారీ మోకాలు ఎక్కువ మడతపడుతుంది, చిప్ప మీద ఒత్తిడి పెరుగుతుంది. గోడ పట్టుకుని సీటు మీద కూర్చోండి. చెప్పుల్లేకుండా మడమ పెడల్ మీద పెట్టి, పెడల్ అడుక్కి వెళ్లేలా తిప్పండి. ఆ చోట కాలు నిటారుగా రావాలి. అప్పుడు మామూలుగా పాదం ముందు భాగంతో తొక్కితే మోకాలు కొద్దిగా వంగి ఉంటుంది, అదీ కావాల్సింది. తొక్కుతుంటే పిరుదులు అటూ ఇటూ ఊగుతున్నాయంటే ఎత్తు ఎక్కువైంది. సీటు గొట్టం మీద ఒక గీత ఉంటుంది, అది బయటికి కనబడేంత పైకి లాగకూడదు. పొడుగు చాలకపోతే షాపులో పొడుగు గొట్టం అడగండి, పెద్ద ఖర్చేమీ కాదు. ఆగినప్పుడు సీటు మీద కూర్చుని కాలు ఆన్చే అలవాటు మాత్రం మానుకోవాలి. సీటు ముందుకి దిగి నిలబడాలి. ఈ దిగడం, ఎక్కడం ఆర్ట్స్ కాలేజీ గ్రౌండులో తెల్లవారుజామున ఒక పది సార్లు చేసి చూడండి. అక్కడే ఇంకో రెండు అలవాటు చేసుకోండి. హ్యాండిల్ వంకర పోకుండా మెడ తిప్పి వెనక్కి చూడటం, రెండు బ్రేకులూ కలిపి పట్టడం. మన దేశంలో అమ్మే సైకిళ్లకి మామూలుగా కుడిచేతిది ముందు బ్రేకు. సైకిలుని ఎక్కువగా ఆపేది అదే, కానీ ఒక్కదాన్నే గట్టిగా పట్టేస్తే మనం హ్యాండిల్ మీంచి ముందుకి పడతాం.

నొప్పి ఎక్కడ అన్నది మీరు రాయలేదు. చిప్ప దగ్గర ముందువైపు అయితే సీటు కిందికుండటం, గేరు బరువు కావడం. మీది ఇదే అయ్యుంటుంది. మోకాలి వెనక గుంటలో లాగితే సీటు మరీ ఎత్తు. పక్కల నొప్పి వస్తే పాదం పెడల్ మీద వంకరగా పెడుతున్నట్టు. వాపు ఉన్నా, మెట్లు దిగుతుంటే కాలు నిలవకపోయినా, మోకాలు మధ్యలో బిగిసిపోతున్నా ఈ సలహాలన్నీ పక్కనపెట్టి ఎముకల డాక్టరు దగ్గరికి వెళ్లండి. అవేమీ లేకపోతే నాలుగైదు రోజులు విశ్రాంతి, చన్నీటి కాపడం, మెల్లగా నడక చాలు.

నొప్పి మాత్ర మింగి తొక్కడం మాత్రం వద్దు. ఈ ఒక్క విషయం కొంచెం గట్టిగానే చెప్తాను, మొదటి ఏడాది నేను చేసిన ఘనకార్యం అదే కాబట్టి. మే నెలలో, మోకాలు సలుపుతుంటే మెడికల్ షాపులో చేతికిచ్చిన మాత్ర వేసుకుని కళింగపట్నం వెళ్లొచ్చాను. వారం రోజుల పాటు అదే వరస. తర్వాత వేరే పని మీద రక్తపరీక్ష చేయిస్తే, కిడ్నీలు ఎలా పనిచేస్తున్నాయో చెప్పే క్రియాటినిన్ కాస్త పైకి ఉంది. డాక్టరుగారు చివాట్లు పెట్టారు. చెమటకి ఒంట్లో నీళ్లు తగ్గినప్పుడు ఆ రకం నొప్పి మాత్రలు కిడ్నీలకి రక్తం అందకుండా చేస్తాయట. "ఉద్దానంలో చుట్టాలున్నవాడివి, నీకు వేరే చెప్పాలా?" అన్నారు. మాత్రలు మానేసి, నెలయ్యాక మళ్లీ చేయిస్తే మామూలుకి వచ్చింది. ఉద్దానంలో, అంటే కవిటి, సోంపేట వైపు, కిడ్నీ జబ్బుతో ఊళ్లకి ఊళ్లు ఎలా అల్లాడుతున్నాయో మనకి తెలుసు. ఆ జబ్బుకి కారణం వేరే అయ్యుండొచ్చు. అయినా ఈ జిల్లాలో పుట్టినవాళ్లం కిడ్నీలతో ఆటలాడకూడదు.

షుగరు గురించి. బోర్డర్‌లో ఉండి మాత్రలేమీ వాడకపోతే సైకిలు మీకు మంచే చేస్తుంది. మాత్రలో ఇన్సులినో వాడుతున్నవాళ్లు మాత్రం ముందు డాక్టరుతో మాట్లాడాలి. తొక్కుతున్నప్పుడు షుగరు పడిపోయి చేతులు వణికి, కళ్లు తిరిగే ప్రమాదం ఉంది. జేబులో నాలుగు గ్లూకోజు బిస్కెట్లు, చిన్న బెల్లం ముక్క ఎవరికైనా మంచివే. 47 దాటాక ఒకసారి బీపీ, ఈసీజీ చూపించుకుని మొదలుపెడితే మీకూ మీ ఆవిడగారికీ నిశ్చింత. ఛాతీ బిగిసినట్టున్నా, నొప్పి దవడకో ఎడమచేతికో పాకినా, ఎన్నడూ లేనంత ఆయాసం వచ్చినా, అక్కడే దిగిపోయి మనిషిని కేకేయండి. గ్యాస్ అని సర్దిచెప్పుకోవద్దు.

బరువు తగ్గుతానన్న ఆశ ఉంటే కాస్త తగ్గించుకోండి. మీ బరువుతో నెమ్మదిగా గంట తొక్కితే మూడు, నాలుగు వందల కేలరీలు ఖర్చవుతాయి. తిరిగొస్తూ హోటల్లో పూరీ, మీద ఒక వడ తింటే లెక్క సరిపోయింది. నేను మొదటి ఆరు నెలల్లో కిలో పెరిగాను. నడుము ప్యాంటు మాత్రం వదులైంది, నిద్ర బాగా పట్టింది, మెట్లు ఎక్కుతుంటే ఆయాసం పోయింది.

కూర్చోలేకపోవడం గురించి అందరూ సిగ్గుపడి అడగరు, మీరు అడిగారు, సంతోషం. కూర్చున్నప్పుడు మన బరువంతా పిరుదుల కింద రెండు ఎముకల కొనల మీద పడుతుంది. అవి సీటుకి అలవాటు పడటానికి రెండు వారాలు పడుతుంది. రోజు విడిచి రోజు కొద్దికొద్దిగా తొక్కితే వాటంతటవే దారికొస్తాయి. షాపుకి వెళ్తే మెత్తటి జెల్ కవరు అంటగడతారు. కొనకండి. మరీ మెత్తనిదైతే ఎముకలు అందులోకి దిగబడి, ఒత్తిడంతా మధ్యలో ఉండే నరాల మీద పడుతుంది. అరగంటకే తిమ్మిరి. సీటు నేలకి సమాంతరంగా ఉండాలి, ముక్కు పైకి లేస్తే ముందు ఒత్తుకుంటుంది, కిందికి వాలితే జారిపోతూ చేతుల మీద బరువు పడి అరచేతులు మొద్దుబారతాయి. ఒరుపు పుడుతుంటే బట్టలు మార్చాలి. కాటన్ లోదుస్తులు చెమటకి తడిసి, కుట్టు దగ్గర రాసుకుంటాయి. మెత్త కుట్టిన సైక్లింగు నిక్కర్లు దొరుకుతాయి, వాటిలోపల ఇంకేమీ వేసుకోకూడదు. మన ఊళ్లో అలా తిరగడం ఏంటి అనిపిస్తే పైన లుంగీ తప్ప ఏదైనా వేసుకోండి. లుంగీ చైనులో పడితే ఏమవుతుందో మా షాపులో చాలాసార్లు చూశాను.

ఎంత తొక్కాలి? మొదటి రెండు వారాలు వారానికి నాలుగు రోజులు, రోజుకి ఇరవై నిమిషాలు. కిలోమీటర్లు లెక్కపెట్టొద్దు. పక్కన ఎవరైనా ఉన్నట్టు మాట్లాడుకోండి. పూర్తి వాక్యం ఆగకుండా అనగలిగితే వేగం సరిపోయింది. మధ్యలో ఊపిరి కోసం ఆగాల్సొస్తే తగ్గించండి. తర్వాత వారానికి అయిదు నిమిషాల చొప్పున పెంచండి. ఎప్పుడైనా మోకాలు గొణిగితే పెంచడం ఆపి వెనకటి వారం లెక్కకి వెళ్లండి. ఫోనులో యాప్ పెట్టుకుంటే మంచిదే గానీ, కుర్రాళ్లు పెట్టిన వేగాలు చూడొద్దు. ఆ జబ్బు అంటుకుందంటే మోకాలు మళ్లీ పోతుంది.

దార్ల సంగతి కొంచెం వివరంగా చెప్తాను, అదే అసలు సరదా. ఆదివారం, రథసప్తమి, మార్చిలోనూ అక్టోబరులోనూ కిరణాలు స్వామి పాదాలు తాకే రోజులు తప్పిస్తే, మామూలు రోజుల్లో తెల్లవారుజామున అరసవల్లి దారి హాయిగా ఉంటుంది. మంగళవారమో బుధవారమో వెళ్లి చూడండి, అదే రోడ్డా అనిపిస్తుంది. రెండు నెలలు గడిచాక అదే దారిలో ముందుకెళ్తే శ్రీకూర్మం, ఊళ్లోంచి పదమూడు కిలోమీటర్లుంటుంది. పొలాలు, చెరువులు, కాలవ గట్లు, మధ్యలో టీ కొట్లు. గుళ్లో నక్షత్ర తాబేళ్లుంటాయి, మన వేగం చూసి నవ్వుకోవు. అక్కడ అరగంట కూర్చుని రావచ్చు.

కళింగపట్నం పాతిక కిలోమీటర్లు దాటుతుంది, రానూపోనూ యాభై పైమాటే. మూడు నాలుగు నెలల ముందు అటు చూడొద్దు. అక్కడ ఉన్న తిరకాసు గాలి. మార్చి నుంచి వానాకాలం దాకా మన తీరం వెంబడి నైరుతి గాలి ఎక్కువ. శ్రీకాకుళం నుంచి కళింగపట్నం తూర్పుగా, కాస్త ఉత్తరానికి ఉంటుంది. అంటే వెళ్లేటప్పుడు గాలి వీపు తడుతూ తోస్తుంది. "ఆహా, నేనింత వేగంగా తొక్కగలనా" అనుకుంటూ గార దాటేస్తాం. లైట్‌హౌసు చూసి, వంశధార సముద్రంలో కలిసే చోట ఫొటో దిగి, తొమ్మిదింటికి తిరుగుముఖం పట్టామంటే తెలుస్తుంది. ఎదురుగాలి, పైన ఎండ, ఒంట్లో నీళ్లు లేవు. నేను మాత్రలు మింగి వెళ్లిన రోజున గార దగ్గర రోడ్డు పక్క తాటిచెట్టు కింద గంట పడుకున్నాను. ఒక పెద్దాయన చూసి, "ఏటి బావూ, బాగున్నావా?" అని చోడి (రాగి) అంబలి ఇచ్చాడు. అంత రుచైన అంబలి మళ్లీ తాగలేదు. కాబట్టి వేసవిలో గాలి తోస్తుంటే గర్వపడకండి, మిగిలిన బలం లెక్కేసుకోండి. నవంబరు నుంచి జనవరి దాకా గాలి మారి ఈశాన్యం నుంచి వీస్తుంది, వెళ్లేటప్పుడు కష్టం, వచ్చేటప్పుడు సుఖం. కళింగపట్నం మొదటిసారి వెళ్లడానికి అదే కాలం. దారిలో శాలిహుండం మలుపు వస్తుంది. సైకిలు కింద పెట్టి మెట్లెక్కి బౌద్ధస్తూపాల దగ్గర నిలబడితే వంశధార మొత్తం కనబడుతుంది. కాళ్లకి అదనంగా పని చెప్పినట్టే గానీ, చూడకుండా రాకండి. బీచికి వెళ్లొచ్చిన రోజున సైకిలుని మంచినీళ్లతో తుడిచి చైనుకి నూనె వేయాలి. ఉప్పుగాలికి చైను వారంలో ఎర్రబడుతుంది.

హైవే మీదకి పోవద్దు. ఒడిశా లారీలు పక్కనుంచి వెళ్తుంటే ఆ గాలికే సైకిలు ఊగుతుంది. కాస్త దూరానికే అయినా సర్వీసు రోడ్డులో ఎదురుగా వెళ్లే అలవాటు మనవాళ్లకి ఉంది, అది కూడా వద్దు. పల్లె రోడ్ల మీద రెండు జాగ్రత్తలు. కోతల తర్వాత ధాన్యమో మొక్కజొన్నో రోడ్డు మీద ఆరబోసి చుట్టూ రాళ్లు పెడతారు. తెల్లవారుజాము మసకలో ఆ రాళ్లు కనబడవు, గింజల మీద చక్రం సర్రున జారుతుంది. దిగి నడిపించండి, రైతుకీ మర్యాదగా ఉంటుంది. రెండోది కుక్కలు. వేగంగా తప్పించుకోవాలని చూస్తే ఇంకా వెంటపడతాయి. దిగి, సైకిలుని మనకీ దానికీ మధ్యన పెట్టుకుని నడిస్తే పది అడుగుల్లో దానికే ఆసక్తి పోతుంది. ముందు తెల్ల లైటు, వెనక ఎర్ర లైటు, హెల్మెట్ తప్పనిసరి. హెల్మెట్ పెట్టుకుంటే నవ్వుతారేమో అంటారు చాలామంది. ఏడురోడ్ల కూడలిలో ఎవడికీ మనల్ని చూసే తీరిక లేదు.

వేసవిలో అయిదున్నర లోపే తెల్లారిపోతుంది. ఏడున్నరకల్లా ఇంట్లో ఉండండి. మన తీరంలో ఎండకంటే ఉక్క ఎక్కువ బాధిస్తుంది. చెమట పడుతుంది గానీ ఆరదు, ఒళ్లు చల్లబడదు. గంటలోపు అయితే మంచినీళ్లు చాలు. అంతకుమించితే ఉప్పేసిన మజ్జిగో, కొబ్బరినీళ్లో, ఓఆర్ఎస్సో. ఓఆర్ఎస్ పెద్ద ప్యాకెట్టు లీటరు నీళ్లలో మొత్తం కలపాలి, సగం సగం వద్దు.

ఇక సైకిలు. మీ అబ్బాయిది మీ ఎత్తుకి మరీ చిన్నది కాకపోతే దాంతోనే రెండు నెలలు గడపండి. టైరు పక్కన ఎంత గాలి కొట్టాలో అచ్చువేసి ఉంటుంది, ఆ రెండు అంకెల మధ్యన కొట్టించండి. మీ బరువుకి పై అంకె వైపే ఉండాలి. పదిహేను రోజులకోసారి గాలి చూడాలి, ట్యూబులోంచి మెల్లగా పోతూనే ఉంటుంది. మీ కాలేజీ సైకిలు ఇంకా ఆమదాలవలసలో అటక మీద ఉంటే పారేయకండి. టైర్లు, ట్యూబులు, బ్రేకు రబ్బర్లు ఎలాగూ పగిలిపోయి ఉంటాయి, మార్చేయాలి. చైనుని స్కేలుతో కొలవండి. పన్నెండు జతల లింకులు సరిగ్గా పన్నెండంగుళాలు రావాలి, ఎనిమిదో వంతు అంగుళం పెరిగిందంటే చైను అయిపోయినట్టే. బీబీ (పెడళ్ల మధ్య ఇరుసు ఉండే చోటు) విప్పి గోళీలు మార్చి గ్రీజు పెట్టిస్తే ఓవర్‌హాలింగు అయినట్టు. పాత మేస్త్రీలు ఎవరైనా దొరికితే వాళ్ల చేతే చేయించండి. ఆ సైకిలు ఇరవై కిలోల బరువు, బ్రిడ్జి ఎక్కడానికి పనికిరాదు. సాయంత్రం పాలకీ కూరగాయలకీ మాత్రం దాన్ని మించింది లేదు.

రెండు నెలల తర్వాత కూడా పొద్దున్నే లేవాలనిపిస్తుంటే అప్పుడు కొనండి. లావు బుడిపెల టైర్లు, ముందూ వెనకా స్ప్రింగులు ఉన్నవి చూడటానికే బాగుంటాయి. మన రోడ్ల మీద మీ బలంలో కొంత ఆ స్ప్రింగులే మింగేస్తాయి. సన్నం కాదు, లావు కాదు అన్నట్టుండే నున్నటి టైర్లతో హైబ్రిడ్ అని అమ్ముతారు, స్ప్రింగు లేని ఫోర్కుతో, అది మనలాంటివాళ్లకి సరిపోతుంది. కొనేముందు ఎక్కి తొక్కి చూడండి. ఆన్‌లైన్లో తెప్పిస్తే సగం విప్పి డబ్బాలో వస్తుంది. నా స్నేహితుడొకడు తనే బిగించుకున్నాడు, ముందు ఫోర్కు వెనక్కి తిప్పి పెట్టి నెల రోజులు తొక్కాడు. ఎడమ పెడల్‌కి మర ఉల్టాగా ఉంటుంది, తెలియక బలవంతంగా బిగిస్తే పెడలు తగిలించే క్రాంకు మర పోతుంది. బిగించడం మాత్రం షాపులోనే.

మీ ఆవిడగారికి ఏం చెప్పాలో నాకు తెలీదు మాష్టారూ. మా ఇంట్లో అయితే, వచ్చేటప్పుడు క్యారియరు మీద గార చెరువుల్లో దొరికే చేపలు తేవడం మొదలుపెట్టాక ఆ ప్రశ్న రావడం మానేసింది.

ముందు మోకాలు పూర్తిగా తగ్గనివ్వండి. తర్వాత సీటు లేపి, గేరు 2, 3 మీద పెట్టి, గ్రౌండులో ఇరవై నిమిషాలు తొక్కి చూడండి. నొప్పి వస్తే చిప్ప ముందా, వెనక గుంటలోనా, పక్కనా అన్నది, మీ ఎత్తు ఎంతో, సీటు నేల నుంచి ఎన్ని అంగుళాలుందో రాయండి. మిగిలింది అప్పుడు చూద్దాం.